ఎక్కేటోడి గురించి కూడా ఒక ముక్క రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను సీసీ కెమెరాలు బిగించేటోన్ని సార్. కరెంటు పని కూడా చేస్త, వైర్‌మెన్ పర్మిట్ ఉంది. మాది నల్లగొండ దిక్కు, కానీ 2013 నుంచి హైదరాబాద్‌లనే ఉంటున్న, మియాపూర్, నిజాంపేట, కొండాపూర్ చుట్టుపక్కల అపార్టుమెంట్లు, ఆఫీసులు, ఆసుపత్రులు మస్తు ఎక్కినయ్ ఈ కాళ్లు. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

మీ పేపర్ల దొంగతనం వార్త వచ్చిన ప్రతిసారి చివర్ల ఒక లైను ఉంటది, "అపార్టుమెంటులో సీసీ కెమెరాలు ఉన్నా పనిచేయడం లేదు" అని. పొద్దున చాయ్ తాగుకుంట ఆ లైను చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తది, కోపం కూడా వస్తది. ఎందుకంటే ఆ లైను పడ్డ రోజే చుట్టుపక్కల నాలుగు అసోసియేషన్ల నుంచి ఫోన్లు వస్తయి, అన్నా ఎమ్మటే రా, మావి కూడా ఒకసారి చూసిపో అని. రెండు రోజులు గడిస్తే మళ్లీ ఎవ్వరూ ఎత్తరు. కెమెరా ఎందుకు పనిచేయట్లేదు, ఎప్పటి నుంచి చేయట్లేదు, దాన్ని బాగు చెయ్యాలంటే మనిషి ఎట్ల పోవాలె అక్కడిదాకా, ఈ ముక్క మాత్రం ఎక్కడా రాదు. అది చెప్దామనే రాస్తున్న.

అసలు ఆ కెమెరా తొమ్మిదో అంతస్తు బయటి గోడ మీదికి ఎట్ల పోయిందో తెలుసా? బిల్డింగ్ కట్టేటప్పుడు పరంజా ఉంటది, పెయింటర్లు దాని మీదనే ఉంటరు, పనిలో పని అని బిల్డర్ కెమెరాలు కూడా అప్పుడే కొట్టిస్తడు. బ్రోచర్ల ఫొటోకి బాగుంటది. నెల తర్వాత పరంజా విప్పేస్తరు. ఇగ ఆ కెమెరా గాల్లో వేలాడే దీపం లెక్క అక్కడ్నే ఉండిపోతది, కింద నిచ్చెన అందదు, పక్కన కిటికీ లేదు, పైనుంచి వంగితే చెయ్యి అందదు. రెండేండ్ల తర్వాత అది ఆగిపోతే సెక్రటరీ సార్ ఫోన్ చేసి "చిన్న పనే బాబూ, ఒక వైరు లూజ్ అయినట్టుంది" అంటడు. చిన్న పనే సార్, కాదనను. చేతికి అందితే ఐదు నిమిషాలు. అందడానికే ప్రాణం మీదికి వస్తది.

2019ల ఒకసారి, బిల్డింగ్ పేరు చెప్పను, ఏడో అంతస్తు బాత్రూం కిటికీలోంచి సజ్జ మీదికి దిగిన. నడుముకి నైలాన్ తాడు, ఆ తాడు రెండో కొస టెర్రస్ మీద ట్యాంక్ పైపుకి కట్టి ఉంది, మా హెల్పర్ పిల్లగాడు పట్టుకున్నడు. సజ్జ మీద పైనుంచి ఏసీ నీళ్లు కారి కారి పాచి పట్టింది. కాలు జర్రున జారింది. డ్రైనేజీ పైపు క్లాంపు చేతికి దొరికింది కాబట్టి ఈ రోజు ఈ ఉత్తరం. పైకొచ్చి చూస్తే తాడు కట్టిన ట్యాంక్ పైపు పీవీసీది, కొంచెం గట్టిగ గుంజితే ఊడి చేతికి వచ్చింది. ఆ రాత్రి ఇంట్ల ఏం చెప్పలే, అన్నం తినబుద్ధి కాలే అంతే. తెల్లారి ఆ సెక్రటరీ ఫోన్ చేసి కెమెరా యాంగిల్ కొంచెం ఎడమకి తిప్పొచ్చా అని అడిగిండు.

నాది కూడా తప్పుంది, దాచను. బెల్టు కొనుక్కోవాలె కదా అని మీరనొచ్చు. అప్పుడు నాకు నడుము బెల్టే గొప్ప అనుకునేది. తర్వాత కన్‌స్ట్రక్షన్ సైటుల పనిచేసే ఒక సేఫ్టీ ఆయన చెప్పిండు, నడుము బెల్టుతోని పడితే వెన్నుపూస విరుగుతది అన్నా, ఐఎస్ 3521 అని బెల్టుల ప్రమాణం నంబరు రాసి ఉంటది, భుజాలకి తొడలకి కూడా పట్టుండే ఫుల్ బాడీ బెల్టు తీస్కో, పని చేసే తాడు వేరే ఉండాలె, పడకుండ ఆపే తాడు వేరే ఉండాలె, రెండూ ఒకే దగ్గర కట్టొద్దు అని. ఇంకోటి కూడా చెప్పిండు, అది నాకు అసలు తెల్వదు, పడ్డోడు తాడుకి కదలకుండ వేలాడుతుంటే కాళ్లలోకి రక్తం దిగి కొన్ని నిమిషాలల్లనే స్పృహ తప్పొచ్చంట, అందుకే ఫైర్ ఇంజన్ వచ్చేదాకా చూస్తం అంటే కుదరదు, పైన ఇంకో మనిషి గుంజేటట్టు ఉండాలె. ఇప్పుడు బెల్టు ఉంది నా దగ్గర. కానీ బెల్టు ఉంటే సరిపోదు కదా, దాన్ని దేనికి కట్టాలె? మన అపార్టుమెంట్ల టెర్రస్ మీద తాడు కట్టేందుకు కాంక్రీట్ల దింపిన ఒక్క గట్టి కొక్కెం చూపించండి. ట్యాంకులు ఉంటయి, డిష్‌లు ఉంటయి, సోలార్ ప్లేట్లు ఉంటయి, ఆవకాయ జాడీలు ఎండపెట్టేందుకు జాగ ఉంటది, మనిషి ప్రాణం కట్టే కొక్కెం ఉండదు. కోకాపేట, నార్సింగి దిక్కు పెద్ద పెద్ద టవర్లల అద్దాలు తుడిచేందుకు ఉయ్యాల లాంటి ఏర్పాటు ఉంటది, వాళ్లకి కొంత నయం. చచ్చేది మా లాంటోళ్లే, పది, పదిహేను అంతస్తుల మధ్యరకం బిల్డింగులల్ల.

ఇగ కెమెరాలు ఎందుకు పాడైతయో చెప్త, చాలామంది కంపెనీ మంచిది కాదు అని తిడుతరు, అది ఊకె అనే మాట. నా అనుభవంల కెమెరా కంటే ముందు పోయేది వైరు, జాయింటు, సప్లై. అందరూ చెప్పే కంప్లైంట్ ఒకటుంది, పగలంతా మంచిగనే కనిపిస్తది అన్నా, చీకటి పడంగనే బంద్ అయితది మళ్లీ వస్తది మళ్లీ పోతది అని. దయ్యం ఏం కాదు. చీకటి పడితే కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతయి, కరెంటు ఎక్కువ గుంజుతది. కింద వాచ్‌మెన్ రూంల 12 వోల్టుల ఎస్ఎంపీఎస్, అంటే కెమెరాలకి కరెంటిచ్చే డబ్బా, పెట్టి అక్కడికెళ్లి 80 మీటర్లు సన్న వైరు పైకి లాగితే దారిలనే రెండు మూడు వోల్టులు పోతయి, కెమెరా దాకా 9 వోల్టులే వస్తే అది ఏం చేస్తది పాపం. పైగా చవక అని రాగిపూత పూసిన అల్యూమినియం వైరు వేస్తరు, చూస్తే రాగి లెక్కనే ఉంటది, గీకితే తెల్లగ బయటపడ్తది. దాంట్ల ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతది, రెండు వానలకే జాయింటు దగ్గర పచ్చగ తుప్పు పట్టి పొడి రాలుతది. ఇదే మంచి రాగి ల్యాన్ కేబుల్ వేసి దాంట్లనే కరెంటు కూడా పంపితే, పీఓఈ అంటరు, ఈ బాధ ఉండదు, బయటి గోడ మీద 230 వోల్టుల ముచ్చటే ఉండదు. కాకపోతే ఆ కేబుల్ 100 మీటర్లు దాటొద్దు. ముప్పై అంతస్తుల బిల్డింగుల కింది నుంచి పై దాకా నిలువు 90 మీటర్లు, అడ్డం పోయేది వేరే, అందుకే మధ్యల ఒక అంతస్తుల నెట్‌వర్క్ స్విచ్ పెట్టాలె లేదంటే నిలువు లైను ఫైబర్ వెయ్యాలె. ఫైబర్‌కి ఇంకో లాభం ఉంది, టెర్రస్ మీద పిడుగు దెబ్బ తగిలితే ఆ దెబ్బ గాజు వైరుల కింది దాకా రాదు, రికార్డర్ బతుకుతది.

పిడుగు అంటే యాదికొచ్చింది. టెర్రస్ మీద అన్నిటికంటే ఎత్తు పైపు ఏది అంటే పిడుగు కడ్డీ, మనోళ్లు ఏం చేస్తరంటే ఎట్లాగూ ఎత్తుంది కదా అని దానికే కెమెరా కట్టేస్తరు జిప్ టైతోని, దాని పక్కనుంచే వైరు దింపుతరు. పిడుగుని పిలిచి ఇంట్ల కూసోబెట్టినట్టు అది. ఒక్క దెబ్బకి పదహారు కెమెరాలు, రికార్డర్, టీవీ, పక్కన ఇంటర్‌కం మొత్తం మాడిపోయిన బిల్డింగ్ చూసిన నేను.

ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు, రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయి అంటరు, జిప్ టై ఎంత. తెల్ల జిప్ టైలు రెండు ఎండాకాలాలకి పెంకుల లెక్క విరిగిపోతయి, నల్లవి కొంచెం ఎక్కువ ఆగుతయి. పీవీసీ పైపు బీటలు ఇస్తది. మృగశిర కార్తె వానలు పడంగనే ఆ బీటల నుంచి నీళ్లు దిగి వైరు వెంబడి నడుచుకుంట సక్కగ కెమెరా కడుపులకే పోతయి. దానికి మందు ఏందంటే వైరు కెమెరాలకి పోయే ముందు కిందికి ఒక వంకీ తిప్పి వదలాలె, నీళ్లు ఆ వంకీ దగ్గర బొట్టుబొట్టుగ కారిపోతయి. ఖర్చు ఏం లేదు, అరడుగు వైరు. అది కూడా చెయ్యరు, నీట్‌గ కనిపించదంట.

ఇంక జీవాలు. సాలెపురుగులకు కెమెరా అంటే పెండ్లి ఇల్లు, రాత్రి దాని చుట్టూ పురుగులు తిరుగుతయి, పురుగుల కోసం సాలీడు గూడు అల్లుతది, ఆ దారాల మీద ఇన్‌ఫ్రారెడ్ పడి వాపస్ కొడితే పిక్చర్ మొత్తం తెల్ల పొగ. ఫుటేజీల దొంగ ముఖం కనపడలే అంటే సగం సార్లు కారణం ఇదే, మెత్తటి తడిబట్టతోని తుడిస్తే పోయేది. పావురాలు వైరు మీద కూసొని కిందికి గుంజుతయి, ఎలుకలు షాఫ్ట్‌ల, అంటే వైర్లు కింది నుంచి పైకి పోయే నిలువు గూట్ల, కొరుకుతయి, బల్లి ప్యానెల్ బోర్డుల దూరి రెండు ఫేజ్‌ల మధ్య పడుకుంటది, అది పోతది, బిల్డింగ్ కరెంటు కూడా పోతది. సంక్రాంతి అయినంక మాంజా తీసే పని సపరేట్, వైర్లకి చుట్టుకొని తొడుగు కోసేస్తది, వేళ్లు తెగుతయి నాకు ప్రతి జనవరిల. అన్నిటికంటే భయం తేనెతుట్టె. ఎత్తు బిల్డింగులల్ల బాల్కనీ కింద, కెమెరా పక్కన పెద్ద తేనెటీగలు పెడ్తయి, తాడు మీద వేలాడుతున్నోడి మీదికి అవి లేస్తే ఎటు ఉరుకుతడు చెప్పండి? తుట్టె ఉంటే నేను పని ఒప్పుకోను, ఎవరేమన్నా సరే.

ఇప్పుడు కరెంటు ముచ్చట, ఇది అసోసియేషన్ వాళ్లు దయచేసి రెండుసార్లు చదవాలె. పైన పని ఉంది మెయిన్ బంద్ చెయ్ అని వాచ్‌మెన్‌కి చెప్తం. ఆయన బంద్ చేస్తడు. పెద్ద బిల్డింగుల ఆటోమేటిక్ జనరేటర్ ఉంటది కదా, కరెంటు పోయింది అనుకొని అది లేస్తది, కొన్ని సెకన్లల్ల కారిడార్, టెర్రస్ లైన్లు మళ్లీ లైవ్. వైరు పట్టుకున్నోడికి ఈ సంగతి తెల్వదు. కెమెరాలు, లిఫ్ట్ లాబీ యూపీఎస్ మీద ఉంటయి, మెయిన్ ఆపినా అవి చావవు. సోలార్ పెట్టుకున్న బిల్డింగుల అయితే ఎండ ఉన్నంతసేపు ప్లేట్ల నుంచి వచ్చే వైర్లల్ల కరెంటు ఉంటనే ఉంటది, మెయిన్‌తోని దానికి సంబంధం లేదు. అందుకే నేను ఇప్పుడు ఏం చేస్తనంటే జనరేటర్‌ని మాన్యువల్‌ల పెట్టిస్త, ఆ లైను ఎంసీబీ స్విచ్ దింపి ప్యానెల్‌కి తాళం ఏసి తాళంచెవి నా జేబుల పెట్టుకుంట, అప్పుడు కూడా టెస్టర్ నమ్మకుండ మీటర్ పెట్టి చూస్త. తాళం ఏస్తే ఐదో అంతస్తు మేడం కిందికొచ్చి "గంట సేపు లైట్లు లేకపోతే ఎట్ల బాబూ" అని అడుగుతరు. తప్పదు మేడం అంట.

ఇంకో పాడు అలవాటు. ఆర్‌సీసీబీ అని కరెంటు కారితే లైను ఆపే స్విచ్ ఒకటుంటది, వాన పడ్డప్పుడల్లా అది ట్రిప్ అయితుంది, పదే పదే కిందికి పోయి ఎత్తుడు ఎందుకని దాన్ని బైపాస్ చేసి డైరెక్ట్ ఇచ్చేస్తరు. అది ట్రిప్ అయితుంది అంటే ఎక్కడో కరెంటు కారుతుంది అని చెప్తుంది సార్, 30 మిల్లీ ఆంపియర్లు కారంగనే ఆపి మనిషిని బతికించేందుకే అది ఉన్నది. నోరు తెరిచి చెప్పేదాని నోరు మూసిర్రు. అట్లాంటి బిల్డింగుల్నే మా పిల్లగాడు గేటు పక్కన ఇనుప పోల్ మీద చెయ్యి వేసిండు కెమెరా చూద్దామని, పోల్‌కి ఎర్తింగ్ లేదు, లోపల సప్లై వైరు తొడుగు పోయి ఇనుముకి తగిలింది, కింద వాన నీళ్లు. ఎగిరి పడ్డడు కాబట్టి బతికిండు. ఆ పోల్ పక్కనే రోజూ స్కూల్ బస్ కోసం పిల్లలు నిలబడ్తరు.

షాఫ్ట్‌ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. 15 మీటర్లు దాటిన బిల్డింగులల్ల కరెంటు కేబుళ్ల డక్ట్‌ల వేరే పైపు గానీ వేరే కేబుల్ గానీ ఉండొద్దని, ప్రతి అంతస్తు దగ్గర మంట దాటకుండ అడ్డు కట్టాలని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ రూల్స్‌ల ఉంది. మీరు మీ బిల్డింగ్ షాఫ్ట్ తలుపు ఒకసారి తెరిచి చూడండి. ఇంటర్‌నెట్ వైర్లు, కేబుల్ టీవీ వైర్లు, పాత చెప్పులు, పెయింట్ డబ్బాలు, చీపుర్లు, ఒక దగ్గరైతే పాత దీపావళి టపాకాయలు దొరికినయ్ నాకు. కెమెరా వైర్లు కూడా దాంట్లనే. ఒప్పుకుంటున్న, మొదట్ల నేను కూడా దాంట్లనే లాగిన, దగ్గర దారి కదా, ఓనర్ కూడా అదే అడుగుతడు. ఆ స్లాబ్ బొక్కలు పెద్దగ చేసి వదిలేసిన రోజులున్నయ్. 2023 మార్చిల సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల ఆరుగురు వయసు పిల్లలు పొగకి ఊపిరాడక పోయినప్పటి నుంచి నేను ఆ పని బంద్ చేసిన. మంట కంటే ముందు పొగ ఎక్కుతది, నిలువు బొక్క దొరికితే దానికి పొగగొట్టం దొరికినట్టే.

రికార్డింగ్ గురించి కూడా ఒక లెక్క చెప్త, ఇది పోలీసోళ్లు అడిగినప్పుడు అందరూ తెల్లముఖం వేసే లెక్క. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి సుమారు 2 ఎంబీపీఎస్ పెట్టి రాత్రి పగలు రికార్డ్ చేస్తే రోజుకి 21, 22 జీబీ అయితది. పదహారు కెమెరాలకి రోజుకి దగ్గర దగ్గర 350 జీబీ. 4 టీబీ హార్డ్‌డిస్క్ పెడితే పదకొండు, పన్నెండు రోజులే, ఆ తర్వాత పాతది తుడుచుకుంట పోతది. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న అయినయ్, ఆ ఏడే ఉమ్మడి రాష్ట్రంల పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది, ఒకేసారి 100 మంది గానీ రోజుకి 500 మంది గానీ వచ్చిపోయే జాగలల్ల కెమెరాలు పెట్టాలె, ఫుటేజీ 30 రోజులు ఉంచాలె అని. నేను ఈ లైన్లకి వచ్చిందే ఆ ఊపుల, అప్పుడు దుకాణాలోళ్లు లైన్లు కట్టిర్రు మా ముందు. పెట్టమని చట్టం ఉంది కాబట్టి పెట్టిర్రు. 30 రోజులకి డిస్క్ సరిపోతదా అని అడిగినోళ్లు నా చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టైం కూడా చూసుకోరు, రికార్డర్ గడియారం నలభై నిమిషాలు ముందుకో ఎనకకో ఉంటది, దొంగ రెండింటికి వస్తే ఫుటేజీల ఒకటీ ఇరవై చూపిస్తది, ఇంక కేసుల ఏం నిలబడ్తది.

పైసల మాట. ఒక 14 అంతస్తుల బిల్డింగ్‌కి ఏడాది మెయింటెనెన్స్ కోట్ చేసిన మొన్న, కెమెరాలు, టెర్రస్ ప్యానెల్, ఎర్తింగ్ గుంతలు, పైన విమానాలకి పెట్టే ఎర్ర లైటు అన్నీ కలిపి, ఇద్దరు మనుషులు, తాళ్లు, మూడు నెలలకోసారి. మీటింగుల ఒక పెద్దాయన ఇంకొకతను సగానికే చేస్త అన్నడు అని కాయితం పక్కన పెట్టిండు. ఆ సగానికి చేసేటోడు ఎవరో నాకు తెలుసు, ఒక్కడే వస్తడు, బెల్టు లేదు, ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు. వాన్ని తప్పు పట్టలేను. గణేశుడి మంటపానికి చందా అడిగితే లేదనని బిల్డింగే అది, లక్షల్ల అయితది అక్కడ.

నేను అడిగేది పెద్దగ ఏం లేదు. కొత్త కెమెరా పెట్టించేటప్పుడు ఒక్క మాట అడగండి, రేపు దీన్ని తుడిచేటోడు ఎక్కడ నిలబడి తుడుస్తడు? జవాబు లేకపోతే అక్కడ పెట్టొద్దు. కారిడార్ కిటికీలోంచి చెయ్యి పెడితే అందే దగ్గర పెట్టండి, టెర్రస్ మీద అయితే పిట్టగోడ లోపలి వైపు నుంచి మడిచి లోపలికి తిప్పుకునే పైపుకి పెట్టండి, నేను అట్లాంటివి వెల్డింగ్ షాపుల చేపిస్తున్న, పెద్ద ఖర్చేం కాదు, కూసొని బాగు చెయ్యొచ్చు. టెర్రస్ మీద స్లాబ్‌కి, బీమ్‌కి ఇంజనీర్‌ని అడిగి నాలుగు కొక్కేలు వేయించండి, పెయింటర్లు జూలా, అంటే వేలాడే ఉయ్యాల, కట్టుకునేందుకు కూడా అవే పనికొస్తయి. గాలి గట్టిగ ఉన్నా, మబ్బు పట్టినా పైకి పంపొద్దు, ఆ ఒక్కరోజు కెమెరా లేకపోతే కొంపలేం మునగవు. సర్వీసింగ్ ఎండాకాలం చివర్ల చేయించుకోండి, వాన మొదలైనంక అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే మేం ఎంతమందిమి ఉన్నం.

మీ రిపోర్టర్లకి కూడా ఒక మనవి సార్. ఈసారి ఆ లైను రాసేటప్పుడు, కెమెరాలు ఉన్నా పనిచేయడం లేదు అని, కింద ఇంకొక్క లైను కలపండి. చివరిసారి వాటి దగ్గరికి ఎవరు, ఎప్పుడు, దేని మీద నిలబడి పోయిండ్రు అని సెక్రటరీని అడిగి ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఉంట సార్, రేపు పొద్దున ప్రగతినగర్‌ల పదకొండో అంతస్తు పని ఉంది. అక్కడ కెమెరాని నిరుడే కిటికీ పక్కకి మార్పించిన, స్టూల్ ఒకటి చాలు.

ఇట్లు,
ఒక కెమెరా మెకానిక్,
మియాపూర్, హైదరాబాద్